ఆరో నంబరు భాస్వరం లెక్క

మా బావ ఏం ఉద్యోగం చేస్తాడని ఎవరైనా అడిగితే మా అక్క "పరిశోధన" అంటుంది. దేని మీద అంటే "పోషణ మీద" అంటుంది. ఇంకా లోతుకు దిగేవాళ్ళని కాఫీ తాగుతారా అని అడిగి మళ్ళించేస్తుంది. నాకా మొహమాటం లేదు. నాది మందుల షాపు. జనం తమ ఒంట్లో ఏది రావడం లేదో, ఏది ఆగడం లేదో కౌంటరు మీద మోచేతులు ఆనించి మరీ చెబుతుంటారు, కాబట్టి నాకు సిగ్గు ఎప్పుడో అరిగిపోయింది. మా బావ పందుల పెంట తూకం వేస్తాడు. మూత్రం కొలుస్తాడు. పెళ్ళికి ముందు నుంచీ ఇదే పని, ఇదే షెడ్డు. పరిశోధన కేంద్రంలో అందరూ తనని గ్రాముల సారు అంటారు. ఆ పేరు వెక్కిరింతని బావకి ఇప్పటిదాకా తెలియదు, గౌరవమనే అనుకుంటున్నాడు.

సంగతేమిటంటే, గింజల్లో భాస్వరం బోలెడు ఉంటుందట. కాకపోతే తాళం వేసి ఉంటుంది. ఆ తాళంచెవి పంది కడుపులో లేదు. ఎదిగే పందికి ఎముకలు గట్టిపడాలంటే భాస్వరం లేనిదే కుదరదు, అందుకని రైతులు దాణాలో భాస్వరం ఉప్పు విడిగా కలుపుతారు. పంది కొంత ఒంటికి పట్టించుకుని మిగతాది వెనకనుంచి వదిలేస్తుంది. అది పొలాల్లోంచి కాలవల్లోకి, కాలవల్లోంచి చెరువుల్లోకి పోయి నీళ్ళన్నీ నాచు పట్టి పచ్చబడతాయి. దాణాలో ఫలానా ఎంజైము చిటికెడు వేస్తే అదే తాళంచెవిలా పనిచేస్తుందని, పైనుంచి ఉప్పు పోయక్కర్లేదని, చెరువులు బాగుపడతాయని మా బావ వాదన. నోటితో వాదించి ఊరుకుంటే ఏ బాధా లేకపోను. తను రుజువు చేస్తానంటాడు. రుజువంటే తిన్నదెంత, పోయిందెంత. ఆ తేడాయే పంది ఒంట్లో మిగిలింది.

దానికోసం షెడ్డులో ఇనప బోనులు వరసగా ఉంటాయి. బోనుకొక పంది. లేవొచ్చు, పడుకోవచ్చు, వెనక్కి తిరగడానికి లేదు. కింద కడ్డీల నేల, దాని కింద పెంట పట్టే జల్లెడ, ఇంకా కింద ఏటవాలు పళ్ళెం, ఆ పళ్ళెం చివర బకెట్టు. మూత్రం పాడవకుండా బకెట్టులో ముందే కాస్త యాసిడ్ పోసి ఉంచుతారు. దాణా తూచి పెడతారు. పంది తిన్నాక తొట్టి అడుగున మిగిలిన పిండిని మా బావ చిన్న బ్రష్షుతో ఊడ్చి తీసి, అంటుకున్నదాన్ని చెంచాడు నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు కూడా ఆరబెట్టి తూస్తాడు. అడుగున మిగిలింది వదిలేస్తే లెక్క తప్పుతుందంటాడు. నా షాపులో మందు సీసా కొన్నవాళ్ళు కూడా అడుగున ఉన్నది అంత శ్రద్ధగా తాగరు.

లెక్క ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియడానికి ఒకపూట దాణాలో ఎర్రపొడి కలుపుతారు. పెంట ఎర్రబడిందంటే ఇకనుంచి వచ్చేది లెక్కలోది. మళ్ళీ ఎర్రబడితే లెక్క ముగిసినట్టు. నా పెళ్ళినాడు అందరం ఫొటోకి నిలబడ్డాం. బావ జేబులో ఫోను మోగింది. "ఎర్రబడిందా? ముట్టుకోకండి, వస్తున్నా," అని అటునుంచటే వెళ్ళిపోయాడు. మా ఆవిడ తరఫువాళ్ళు ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని కంగారుపడి పలకరింపులకు బయల్దేరారు. ఫొటోలో మా అక్క పక్కన ఇప్పటికీ ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంటుంది. అక్క మాత్రం ఆ ఫొటో చూసినప్పుడల్లా తను బాగా వచ్చానంటుంది.

షెడ్డు వెనకే వాళ్ళ క్వార్టరు. పెరట్లోంచి పది అడుగులేస్తే షెడ్డు కిటికీ. ఇంట్లో అక్క, బావ, బావ వాళ్ళమ్మ. ఆవిణ్ణి నేను అత్తయ్య అంటాను. అత్తయ్య నోటికీ కాళ్ళకీ పొత్తు కుదరలేదు. నోరు ఆగదు, కాళ్ళు సాగవు. అక్క పొద్దున్నే బడికి పోతే సాయంత్రానికి గానీ రాదు, టీచరమ్మ. బావ ఇల్లు దగ్గరేగా అని మధ్యాహ్నం వస్తాడనుకుంటాం. ఉహుఁ. ఆ వేళకి నమూనాలు పట్టుకుని ల్యాబు ఓవెన్ దగ్గరికి పోతాడు, డబ్బాలో తెచ్చుకున్నది అక్కడే నిలబడి తింటాడు. కాబట్టి అత్తయ్యకు రోజంతా మాట్లాడటానికి గోడలే దిక్కు. రాత్రి భోజనాల దగ్గర బావ మాట్లాడతాడు. మూడో నంబరు బాగా తిన్నదని, ఏడో నంబరు వదిలేసిందని, రెండో నంబరుకి కాస్త పలచగా అయిందని చెబుతాడు. నేను వెళ్ళిన రాత్రుల్లో నాతో సహా అందరం ముద్ద చేతిలో పట్టుకుని వింటాం.

అత్తయ్య ఎముకలు గుల్లబారాయని డాక్టరు తేల్చి ఒక పొడి రాశాడు. పాలల్లో కలుపుకుని తాగాలి. ఆ డబ్బాలు నా షాపునుంచే నేనే తెచ్చి ఇచ్చేవాణ్ణి. కొన్నాళ్ళకి మళ్ళీ పరీక్ష చేస్తే ఎముకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. డాక్టరు పొడి రెట్టింపు చేశాడు. మూడోసారి చూస్తే ఇంకాస్త దిగజారాయి. ఇంక ఇంజెక్షన్లు తప్పవన్నాడు. మోకాళ్ళు వణుకుతున్నాయిరా అని అత్తయ్య బావతో అంటే, "పొడి తాగుతున్నావుగా అమ్మా, పడుతుందిలే," అని తను డిజిటల్ త్రాసుకి కొత్త బ్యాటరీలు వేసుకోవడంలో మునిగిపోయాడు.

అత్తయ్యకి ఆ పొడి మొదలుపెట్టిన రోజుల్లోనే పెద్దాఫీసునుంచి కబురొచ్చింది. ఈసారి ప్రయోగం చూసి షెడ్డు ఉంచాలో తీసెయ్యాలో కమిటీ నిర్ణయిస్తుంది. తీసేస్తే పందుల్ని అమ్మేస్తారు. బావని పెద్దాఫీసులో, ఊళ్ళు తిరిగొచ్చిన ఆఫీసర్ల ప్రయాణ బిల్లులు సరిచూసే సీట్లో కూర్చోబెడతారు. ఆ మాట విన్న రోజు బావ అన్నం సగంలో వదిలేశాడు. తను వదిలేసిన అన్నాన్ని తనే కాసేపు చూస్తూ కూర్చున్నాడు. నవ్వు తెప్పించే మనిషే, కానీ ఆ పూట నాకు నవ్వు రాలేదు. ఆ షెడ్డు లేకపోతే బావ బతకడని కాదు, బతుకుతాడు, ఎందుకు బతుకుతున్నాడో తెలియకుండా బతుకుతాడు.

అందుకని ఈసారి ప్రయోగం మరీ పకడ్బందీగా పెట్టాడు. ఎనిమిది పందులు. సగానికి ఎంజైము వేసిన దాణా, సగానికి వేయనిది. విడి ఉప్పు ఎవరికీ లేదు. ఎంజైము పడినవి నిక్షేపంగా ఎదగాలి, పడనివి భాస్వరం లోటుతో నీరసించాలి. ఏ పంది ఏ బోనులో ఉండాలో చీటీలు వేసి తేల్చాడు. చీటీలు వేస్తే పక్షపాతానికి చోటుండదని శాస్త్రం. ఆరో నంబరుకి ఎంజైము లేని దాణా, కిటికీ పక్క బోను వచ్చాయి. పక్షపాతం కిటికీలోంచి కూడా వస్తుందని ఆ శాస్త్రం రాసినవాళ్ళకి తట్టినట్టు లేదు.

షెడ్డులో పనిచేసేది బకెట్ బాబాయ్. ఆయన అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. బకెట్లు మార్చడం, కడగడం, తూకానికి అందించడం ఆయన పని. పంది దగ్గర ముక్కు మూసుకోవడం అమర్యాద అనుకునే మనిషి. కొన్నాళ్ళు గడిచాక లోటు పందులకి కాళ్ళు వణకడం మొదలైంది. లేవడానికి బద్ధకించాయి. "పాపం సారూ, ఈ ఆరోదానికి మరీ వణుకుతున్నాయి," అన్నాడు ఒకరోజు. బావ ఎంతో ఆనందంగా రాసుకున్నాడు. అనుకున్నట్టే జరుగుతోంది కదా మరి.

ఆ తరవాతే అనుకున్నట్టు జరగడం మానేసింది. మిగతా లోటు పందులు పడుకునే ఉంటే ఆరో నంబరు లేచి నిలబడసాగింది. బోను కడ్డీల్ని మూతితో పొడవసాగింది. ల్యాబునుంచి మూత్రం ఫలితాలు వచ్చాయి. బావ ఆ కాయితం పట్టుకుని నేరుగా నా షాపుకొచ్చాడు. ఎవరో ముసలాయన దగ్గుమందు అడుగుతుంటే ఆయన్ని పక్కకి జరిపి కాయితం కౌంటరు మీద పరిచాడు.

"చూడు. లోటులో ఉన్న పంది మూత్రంలో భాస్వరం వదలదు. చుక్క వదలదు. ఇంట్లో నూనె అడుగంటితే మీ అక్క సీసా బోర్లించి పెడుతుందా, పారబోస్తుందా?"

"బోర్లించి పెడుతుంది."

"మరి ఇది పారబోస్తోంది. దాణాలో అందరికంటే తక్కువ ఉన్న పంది అందరికంటే ఎక్కువ పారబోస్తోంది."

దగ్గుమందు ముసలాయన కూడా కాయితంలోకి తొంగిచూసి అవునన్నట్టు తలాడించాడు. నాకు అర్థమైందేమిటంటే, ఇలాగే కొనసాగితే ఎంజైము వేసినా వేయకపోయినా ఒకటేనని లెక్క తేలుతుంది. కమిటీ వచ్చి షెడ్డుకి దండం పెట్టేసి వెళ్ళిపోతుంది. బావ ప్రయాణ బిల్లుల్లో పడతాడు.

త్రాసు తప్పేమోనని త్రాసుని పరీక్షించాడు. సీసాలు తారుమారయ్యాయేమోనని సీసాలు మార్చాడు. ల్యాబు ఆవిణ్ణి అనుమానించి ఆవిడకి చెప్పకుండా ఒక సీసాలో తన మూత్రం పంపించాడు. ఆవిడ దాన్ని పరీక్షించి, ఈ పందికి చక్కెర ఉన్నట్టుంది చూపించమని చీటీ రాసి పంపింది. ఆ తరవాత బావ నా షాపులో ఇంకో రకం మాత్రలకి ఖాతాదారయ్యాడు, అది వేరే సంగతి.

చివరికి మిగిలింది మనిషి. ఎవరో ఆరో నంబరుకి దొంగచాటుగా పెడుతున్నారు. ఎవరికుంది ఆ అవకాశం? పాపం సారూ అన్నదెవరు? బావ బకెట్ బాబాయ్ దగ్గరనుంచి దాణా గది తాళంచెవులు తీసేసుకున్నాడు. చెయ్యి చాపి తాళాలిమ్మన్నాడట. ఆయన ఇచ్చి, చెయ్యి కడుక్కుని, టవలు భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. మర్నాడు రాలేదు. ఆపై కూడా రాలేదు. బకెట్లు బావే మోసుకున్నాడు.

ఆ వారం భోజనాల దగ్గర నేనూ ఉన్నాను. బావ దొంగతనం సంగతి చెబుతున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అత్తయ్య గ్లాసు ఒకసారి అటు జరిపి ఇటు జరిపింది. "దొంగతనమంటే తీసుకోవడం కదరా," అంది. "పెట్టడం కూడా దొంగతనమేనా?"

"లెక్కలో లేనిది పెడితే దొంగతనమే," అన్నాడు బావ.

"అయితే ఆ బకెట్ల ఆయన్ని ఏం చేస్తావు?"

"నువ్వు తినమ్మా. ఇవన్నీ నీకెందుకు?"

అత్తయ్య ఆ పూట ఇంకేం మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం ఆ ఇంట్లో పెద్ద వింత. మేం ముగ్గురం చదువుకున్నవాళ్ళం, ఒక్కరమూ పట్టించుకోలేదు.

బకెట్ బాబాయ్ రాకపోయినా ఆరో నంబరు పారబోయడం ఆపలేదు. ఆయన దగ్గర మారు తాళంచెవి ఉండుంటుందని బావ తీర్మానించాడు. మనసులో ఒకసారి ముద్ర పడ్డాక గ్రాముల సారైనా అంతే, నాలాంటివాడైనా అంతే. స్వయంగా పట్టుకోవాలి, సాక్షి కూడా కావాలి, నువ్వు రా అన్నాడు. షాపు కుర్రాడి మీద వదిలి వెళ్ళాను. మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయే వేళ, ల్యాబుకి వెళ్తున్నట్టు వెళ్ళి చుట్టుతిరిగి వచ్చి ఇద్దరం దాణా బస్తాల వెనక నక్కాం. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఆ పిండి దుమ్ములో కత్తిపీటకి దురద నిజంగానే పుట్టింది. గోక్కోబోతే బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆరో నంబరు మటుకు ముందు కాళ్ళు బిగించి కిటికీ వైపే చూస్తోంది, బడిగంట కోసం చూసే పిల్లాడిలా.

కిటికీ బయట ఏదో లాగిన చప్పుడైంది. బోర్లించిన బకెట్టు గచ్చు మీద ఈడ్చిన చప్పుడు. తరవాత ఎవరో ఊపిరి బిగబట్టి పైకెక్కారు. ముందు ఒక చేతిసంచి వచ్చింది, దాని వెనక ఒక చెయ్యి, దాని వెనక అత్తయ్య మొహం.

"వచ్చానురా బుజ్జిగా," అంది. "ఇవాళ మోకాలు మొరాయించింది. అందుకే ఆలస్యం."

సంచిలోంచి అరటిపండు తీసింది. మధ్యకి చీల్చి ఉంది. లోపల తెల్లటి పొడి. ఆ పొడి నాకు తెలుసు. డబ్బా మీద ఏం రాసి ఉంటుందో చూడకుండా చెప్పగలను, క్యాల్షియం ఫాస్ఫేటు. ఫాస్ఫేటంటే భాస్వరమే. డాక్టరు రాసి, రెట్టింపు చేసి, నేను మోసుకొచ్చి ఇచ్చినదంతా ఆరో నంబరు మూతి ముందు ఉంది. అది పండుని లటుక్కున అందుకుంది. అత్తయ్య తొక్క మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

నేను లేవబోయాను. బావ నా భుజం పట్టి కిందికి నొక్కాడు. అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు నన్ను.

అత్తయ్యకి తొందర లేదు. కిటికీ చువ్వల్లోంచి వేలితో దాని చెవి గోకుతూ మాట్లాడుతోంది. పక్కింటావిడ బట్టల తీగ సంగతి, పొద్దున పాలు విరిగిపోయిన సంగతి, కోడలు పాపం అలిసిపోతున్న సంగతి అన్నీ చెప్పింది. పంది నములుతూ వింటోంది. తరవాత గొంతు తగ్గించింది.

"అదృష్టవంతుడివిరా నువ్వు. పొద్దున ఏం తిన్నావు, ఎంత తిన్నావు, ఎంత వదిలావు, మావాడికి అన్నీ కావాలి. నీ పెంట కూడా అపురూపంగా తూచి చూసుకుంటాడు. నన్ను కూడా ఓసారి అలాంటి పెట్టెలో పెట్టమను. ఏం తిన్నావమ్మా అని అడుగుతాడు."

నేను బావ వైపు చూడలేదు. చూస్తే బాగుండదని తెలుస్తోంది. బస్తా కుట్టు దారాన్ని చూస్తూ కూర్చున్నాను.

అత్తయ్య దిగింది. ఒక కాలు, ఆగి, రెండో కాలు. బకెట్టు ఈడ్చిన చప్పుడు దూరమైంది. అప్పుడు బావ నా భుజం వదిలాడు.

"ఎందుకు ఆపావు?" అన్నాను. "రెడ్‌హ్యాండెడ్‌గా దొరికేది కదా."

"బకెట్టు మీద నుంచుంది," అన్నాడు. "ఉలిక్కిపడితే పడుతుంది. పడితే విరుగుతాయి. ఇన్నాళ్ళుగా ఆ ఎముకల్లోకి ఒక్క చెంచా కూడా పోలేదు."

అన్నాక కూడా, అలవాటైన ప్రాణం కదా, జేబులోంచి పెన్ను తీసి దాణా బస్తా మీదే లెక్క వేశాడు. రోజుకి ఇన్ని చెంచాలు, చెంచాకి ఇంత భాస్వరం, అందులో పందికి పట్టేదింత, పోయేదింత. ల్యాబు కాయితంతో సరిపోయింది. ఒక్క క్షణం మొహం వెలిగింది. త్రాసు తప్పు కాదు, ల్యాబు తప్పు కాదు, తన పద్ధతి తప్పు కాదు. ఆ వెలుగు వెంటనే ఆరిపోయింది. దీపం కిందే చీకటి అని మనం ఊరికే అంటాం, ఆ దీపం మొహం అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. నాకు మా బావ మీద ఎప్పుడూ లేనంత జాలి వేసింది.

ఇంటికి వెళ్ళాం. పట్టపగలు కొడుకు ఇంటికి రావడం చూసి అత్తయ్య, షెడ్డు గాని అంటుకుందా అని అడిగింది. ఆకలేస్తోందన్నాడు. ఆవిడకోసం ఉన్నదే ముగ్గురం పంచుకున్నాం. తింటూ అడిగాడు, కోపంగా కాదు.

"ఆరో నంబరుకి నీ పొడి పెడుతున్నావా అమ్మా?"

అత్తయ్య బుకాయించలేదు. "వాడికి కాళ్ళు వణుకుతున్నాయిరా. నాకూ అలాగే వణుకుతాయి, ఆ బాధ నాకు తెలుసు. ఎదిగే పిల్లాడు వాడు. నేనింక ఎటు ఎదుగుతాను?"

"వాడికి వణకాలమ్మా. అదే ప్రయోగం."

"ఏం ప్రయోగంరా అది? ఎముకలకి లేకపోతే ఎముకలు పాడవుతాయని తెలుసుకోవడానికా? నన్నడిగితే చెప్పేదాన్నిగా."

దానికి జవాబు నాకు తెలిసి ఆ శాస్త్రంలోనే లేదు. షెడ్డు సంగతి, కమిటీ సంగతి బావ అప్పుడు చెప్పాడు. అత్తయ్య చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది. షెడ్డు పోతుందని తెలిస్తే ఆ కిటికీ దరిదాపులకి పోయేదాన్ని కాదంది. ఆ మాట ఆవిడకి ఎవరూ చెప్పలేదు. రాత్రిళ్ళు ఏ పంది ఎంత వదిలిందో మాత్రం చెప్పేవాళ్ళం. బకెట్ల ఆయన్ని వెనక్కి తీసుకురారా, ఆ రాత్రే చెప్పేద్దామనుకున్నాను, నీ మొహం చూసి నోరు రాలేదు అంది.

సాయంత్రమే బకెట్ బాబాయ్ ఇంటికి వెళ్ళాం. గుమ్మంలో నిలబడి బావ తాళంచెవులు తీసి ఇచ్చాడు. ఆయన తాళాలు తీసుకుని, "ప్రతిదీ తూస్తారు సారూ. ఆ రోజు తాళాలడిగే ముందు మాత్రం తూయలేదు. అదే బాధ," అన్నాడు. మర్నాడు పనిలోకి వచ్చాడు. వచ్చీ రాగానే బావ మోసిన బకెట్లన్నీ సరిగ్గా కడగలేదని మళ్ళీ కడిగాడు.

ఇక కమిటీ. కేంద్రం డైరెక్టరు మంచిమనిషి, లౌక్యం తెలిసినవాడు. ఆరో నంబరుకి జబ్బు చేసిందని రాసి లెక్కలోంచి తీసెయ్, మిగతావాటితో ఫలితం బ్రహ్మాండంగా వస్తుంది, ఎవరడుగుతారు అన్నాడు. మా అక్కా అదే అంది. నేనైతే జబ్బు పేరు కూడా సూచించాను. బావ వినలేదు. దానికి జబ్బు చేయలేదు, అన్నిటికంటే అదే బాగుంది, బాగున్నదానికి జబ్బని ఎలా రాస్తానన్నాడు. పైగా లోటు పందుల్లో మిగిలినవి ఫలితం తేల్చడానికి చాలవట. మేమందరం తలలు పట్టుకున్నాం. సత్యవంతుడితో కాపురం చెయ్యడం కంటే పందితో చెయ్యడం నయమని అక్క ఆ రోజు పైకే అంది.

కమిటీలో జరిగింది డైరెక్టరు చెబితే తెలిసింది. ఆరో నంబరుకి బయటినుంచి భాస్వరం అందిందని బావ నిలబడి చెప్పాడు. ఎవరు పెట్టారని పెద్దాయన అడిగాడు. మా అమ్మ సార్ అన్నాడు. ఆవిడకి షెడ్డులోకి ప్రవేశం ఉందా అని అడిగారు. లేదు సార్, కిటికీ ఉంది అన్నాడు. తరవాత వాళ్ళలో వాళ్ళు చర్చించుకుని తేల్చారు. ఫలితం తేలివుంటే షెడ్డుతో పని అయిపోయినట్టే, మూసేద్దామనే వచ్చారట. తేలలేదు కాబట్టి, సగంలో మూస్తే పెట్టిన ఖర్చుకి సమాధానం చెప్పుకోవాలి కాబట్టి, ఇంకో ఏడాది పొడిగించి, కిటికీకి ఇనప వల కొట్టించి, ప్రయోగం మొదటినుంచి మళ్ళీ చెయ్యమన్నారు. బావ కష్టపడి గెలిచివుంటే ప్రయాణ బిల్లుల్లో ఉండేవాడు. అత్తయ్య చెంచా షెడ్డుని నిలబెట్టింది.

కొత్త ప్రయోగానికి కొత్త పందులు రావాలి. పాతవి పోవాలి. పోవడమంటే ఏమిటో షెడ్డులో అందరికీ తెలుసు. చివర్లో ముందు కాలి ఎముకలు తీసి, ఎంత బరువుకి విరుగుతాయో యంత్రంలో పెట్టి చూస్తారు. లెక్కకి పనికిరాకపోయినా ఆరో నంబరుకీ అదే దారి. ఆ రోజు బావ షాపుకొచ్చి కౌంటరు ఇటువైపు నా స్టూలు మీద కూర్చున్నాడు. ఆరో నంబరు ఎముక అన్నిటికంటే ఆఖర్న విరిగిందని చెప్పాడు. యంత్రం ముల్లు అంతదూరం పోవడం తను ఎప్పుడూ చూడలేదన్నాడు. అమ్మకి చెప్పకు అన్నాడు. చెప్పనన్నాను. గొంతుకి ఏదో మాత్ర ఇమ్మన్నాడు. ఇచ్చాను. దానికి మాత్ర లేదని ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం ఇద్దరం కలిసే ఇంటికి వెళ్ళాం. అరటిపండు సంఘటన తరవాత బావ మధ్యాహ్నాలు ఇంటికే వస్తున్నాడు. అత్తయ్యకి పాలల్లో పొడి కలిపి చేతికిస్తాడు. ఆవిడ తాగుతుందా అంటే, బుజ్జిగాడి సంగతి తేలేదాకా తాగనని ఒకసారి, చేదని ఒకసారి, సగం తాగి సగం ఉంచేది. ఆ పూట గ్లాసు ముందుపెట్టుకుని కూర్చుని ఉంది.

"వాణ్ణి పంపేశారటగా," అంది. "ఎక్కడికి?"

బావ చేతులు కడుక్కుంటున్నాడు. తిరగకుండానే చెప్పాడు.

"పెద్ద ఫారానికమ్మా. అక్కడ బోనులుండవు. ఆరుబయట తిరుగుతాడు."

నేను నేల వైపు చూశాను. కమిటీ ముందు, ఉద్యోగం ముందు ఒక్క అంకె మార్చడానికి ఒప్పుకోని మనిషి. నాకు తెలిసి అది ఆయన మొదటి అబద్ధం.

"వెళ్ళేటప్పుడు ఎంత తూగాడు?" అంది అత్తయ్య.

బావ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"తూయలేదమ్మా."

ఆ షెడ్డులోకి గాని, షెడ్డులోంచి గాని తూయకుండా కదిలిన పంది లేదు. ఆ సంగతి నాకంటే కన్నతల్లికి బాగా తెలుసు. అత్తయ్య కొడుకు మొహం వైపు కొంచెంసేపు చూసింది.

"పోనీలే," అంది. "తిరుగుతాడుగా."

గ్లాసు ఎత్తి ఆగకుండా మొత్తం తాగి కింద పెట్టింది. బావ గ్లాసు తీసుకుని వెలుతురుకి ఎత్తి లోపలికి చూశాడు. కాసిని నీళ్ళు పోసి గుండ్రంగా తిప్పి మళ్ళీ తల్లి చేతికిచ్చాడు.

"అడుగున ఉండిపోయిందమ్మా," అన్నాడు.

అత్తయ్య అదీ తాగింది.